కొండల్లేని ఊళ్ళో మౌంటెన్ బైకు

ఏలూరు నుంచి దక్షిణంగా బయల్దేరితే సముద్రం దాకా కొండ అన్నది తగలదు. వరిచేలు తగులుతాయి, చేపల చెరువులు తగులుతాయి, కొల్లేరు తగులుతుంది. తాడేపల్లిగూడెం నుంచి భీమవరం వైపు వెళ్ళినా అంతే. అయినా మన కాలేజీల సైకిల్ స్టాండుల్లో ఎక్కువగా కనిపించేవి లావు టైర్ల మౌంటెన్ బైకులే. "ఇక్కడ మౌంటెన్ ఎక్కడుందిరా?" అని ఎవరో ఒకరు వెక్కిరిస్తూనే ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. ఆ బండికి నిజంగా కావలసింది తారు లేని దారి అని నా జవాబు. అది మన దగ్గర కావలసినంత ఉంది. అయితే ఏ బండి కొనాలి, ఏ దారిన వెళ్ళాలి, ఏ రోజు వెళ్ళాలి అన్న మూడింటినీ మన వైపు నిర్ణయించేది నేల. షాపులో ఈ సంగతి చెప్పరు, ఇంటర్నెట్‌లో వీడియోలు చేసేవాళ్ళకి మన రేగడి తెలియదు.

ఈ సైకిల్ పుట్టుక కూడా కొంచెం తెలుసుకుంటే కొనేటప్పుడు పనికొస్తుంది. 1970లలో అమెరికాలో, కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్ళు 1930లు, 40ల నాటి పాత ష్విన్ సైకిళ్ళు చవగ్గా కొని మట్టిదారుల్లో కొండ దిగేవాళ్ళు. వాటికి బెలూన్ లాంటి లావు టైర్లుండేవి. 1976 అక్టోబరు 21న అక్కడ జరిగిన మొదటి పందెం పేరు 'రీప్యాక్'. ఒకసారి కిందికి దిగేసరికి వెనక హబ్బులోని బ్రేకు కాలిపోయి గ్రీజంతా పొగైపోయేది. మళ్ళీ గ్రీజు కూరితే గాని బండి పనికిరాదు, అందుకే ఆ పేరు. 1977లో జో బ్రీజ్ ఈ పని కోసమే ఫ్రేములు కట్టాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ 'స్టంప్‌జంపర్' పేరుతో ఫ్యాక్టరీ బండి తెచ్చింది. వీటిలో ఒక్కదానికీ సస్పెన్షన్ లేదు. లావు టైరు, గట్టి ఫ్రేము, నమ్మకమైన బ్రేకు. అంతే.

ఇప్పుడు మన నేల సంగతి. గోదావరి కాలువ ఏలూరు వైపు వచ్చే దారిని మ్యాపులో చూడండి. నీళ్ళు పల్లానికే పారతాయి కాబట్టి కాలువని ఆయకట్టుకి ఎగువ అంచున తవ్వుతారు. అంటే ఆ కాలువే దాదాపుగా ఒక సరిహద్దు గీత. దానికి దిగువన డెల్టా, నల్లమట్టి, వరి, చేపల చెరువులు, ఆఖరున కొల్లేరు. ఎగువన మెట్ట, ఎర్రనేల, పామాయిలు, జీడిమామిడి, కోకో, కొబ్బరి. తాడేపల్లిగూడెం సరిగ్గా ఈ గీత మీద ఉన్న ఊరు. దక్షిణానికి తిరిగితే పల్లం. ఉత్తరాన వెంకట్రామన్నగూడెం, నల్లజర్ల వైపు తిరిగితే మెట్ట. సివిల్ వాళ్ళకి చెప్పనక్కర్లేదు, నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఎర్రనేల నీటిని కిందికి వదిలేస్తుంది. మెట్టలో రాత్రి వాన పడితే మర్నాడు సాయంత్రానికి తొక్కొచ్చు. పల్లంలో కనీసం రెండు రోజుల మంచి ఎండ కాయాలి. తొందరపడి తడి గట్టెక్కితే వంద మీటర్లలో చక్రానికీ ఫ్రేముకీ మధ్య బంకమట్టి కూరుకుపోయి చక్రం తిరగడం మానేస్తుంది. పైగా మన టైరు చేసిన చాలు ఎండాక రాయిలా గట్టిపడి, నెత్తిన మేత మోపుతో నడిచే మనిషి కాలు మెలిపెడుతుంది. గట్టు ఆ రైతుది, మనం చుట్టాలం.

దీన్నిబట్టి బండి ఎంపిక. పదిహేను వేల లోపు బండ్లకి ముందు పెట్టే స్ప్రింగు ఫోర్కు రెండు కిలోలు దాటుతుంది. మన గట్ల మీద అది చేసే మేలు తక్కువ. తొక్కే బలంలో కొంత అది కిందికీ పైకీ ఊగడానికే పోతుంది. వెనక కూడా స్ప్రింగు ఉన్న చవక బండ్లయితే అసలు వద్దు. ఫుల్ సస్పెన్షన్ అని గొప్పగా చెబుతారు గానీ, ఆ ధరలో వచ్చే కీళ్ళు ఏడాది తిరక్కుండానే లొడలొడలాడతాయి. అదే డబ్బుకి స్ప్రింగు లేని ముందు ఫోర్కుతో మంచి బండి దొరికితే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. దొరక్కపోతే, లాక్ చేసుకునే వీలున్న ఫోర్కు చూడండి.

బ్రేకు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. రిమ్ముని పట్టుకునే బ్రేకుల దగ్గర రేగడి ముందు పేరుకుంటుంది. డిస్కు హబ్బు దగ్గర ఉంటుంది కాబట్టి బురద అందుకోవడం ఆలస్యం. హైడ్రాలిక్ అక్కర్లేదు, వైరుతో లాగే మెకానికల్ డిస్కు చాలు. తెగితే వైరు మన ఊరి సైకిల్ షాపులోనే దొరుకుతుంది. ఆ మాట గేర్లకీ వర్తిస్తుంది. ఆకివీడులోనో గణపవరంలోనో బాగుచేయించుకోలేని పార్టు మన బండికి ఉండకపోవడం మంచిది.

సైజు సంగతి చాలామంది పట్టించుకోరు. చెప్పులేసుకుని టాప్ ట్యూబుకి అటూ ఇటూ కాళ్ళు పెట్టి నిలబడితే, మధ్యలో రెండు మూడు అంగుళాల ఖాళీ ఉండాలి. గట్టు మీద హఠాత్తుగా దిగాల్సి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది. చక్రం 26 అయినా 27.5 అయినా 29 అయినా ఫర్వాలేదు, టైరు వెడల్పు మాత్రం 2.1 అంగుళాలకి తగ్గొద్దు. ఏప్రిల్లో రేగడి నెర్రెలు సన్న టైరుని మింగేస్తాయి.

కొత్తదే కొనాలని కూడా లేదు. ఫైనలియర్ వాళ్ళు వెళ్ళేటప్పుడు అమ్మే బండ్లలో ఆణిముత్యాలుంటాయి. చూడ్డానికి వెళ్ళేటప్పుడు డ్రాయింగ్ క్లాసులో వాడిన స్టీలు స్కేలు జేబులో పెట్టుకోండి. చైన్‌లో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకి అర అంగుళం, అంటే 24 లంకెలకి సరిగ్గా 12 అంగుళాలు రావాలి. ఒక సూది మందం, అంగుళంలో పదహారో వంతు సాగితే చైన్ మార్చాలి. ఎనిమిదో వంతు సాగితే వెనక పళ్ళ చక్రాలు కూడా అరిగిపోయినట్టే, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. చక్రాన్ని గాలిలో తిప్పి చూడండి. కొంచెం వంకరుంటే బెండు తీయిస్తే సరిపోతుంది. ఫ్రేము అతుకుల దగ్గర పగులు కనబడితే మాత్రం నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇక ఏ బండయినా సరే, పైసా ఖర్చు లేకుండా దాన్ని మార్చేసేది టైరులో గాలి. మన షాపుల్లో టైరు రాయిలా అయ్యేదాకా కొట్టడం అలవాటు. లెక్క చూడండి. మనిషీ బండీ కలిపి 75 కిలోలు, అందులో వెనక చక్రం మీద 45 కిలోలు, అంటే సుమారు 99 పౌండ్లు. బరువుని గాలి ఒత్తిడితో భాగిస్తే నేలకి ఆనే వైశాల్యం ఉజ్జాయింపుగా వస్తుంది. 50 పీఎస్ఐ దగ్గర రెండు చదరపు అంగుళాలు, 30 దగ్గర మూడుంపావు. అంటే అదే బండి, అదే మనిషి, కాని నేల మీద పట్టు ఒకటిన్నర రెట్లు పైన. మెత్తటి మట్టిలో దిగబడడం తగ్గుతుంది, గతుకులు టైరే మింగుతుంది. మీ సస్పెన్షన్ అదే! తారు మీద 45 దాకా, మట్టిలోకి దిగేముందు 30 దగ్గరికి తెచ్చుకుంటే బాగుంటుంది. మరీ 20కి దించితే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి రెండు చిల్లులు పడతాయి. ఈ బండ్లకి మోటారు సైకిల్ లాంటి వాల్వే ఉంటుంది కాబట్టి పెట్రోలు బంకులో గాలి పెట్టించుకోవచ్చు. ఎంత కావాలో అంకె చెప్పి, పక్కనే నిలబడాలి.

గేర్ల గురించి ఒక్క మాట. ముందు 34 పళ్ళు, వెనక 16 పళ్ళు, 26 అంగుళాల చక్రం అనుకుంటే ఒక్కసారి తొక్కితే సుమారు 4.4 మీటర్లు వెళతాం. నిమిషానికి 75 సార్లు తొక్కితే గంటకి 20 కిలోమీటర్లకి కొంచెం తక్కువ. కొల్లేటి వైపు రోజంతా ఈ ఒక్క గేరుతో గడిచిపోతుంది, గాలి లేకపోతే. అక్కడ కొండలాంటిది ఏదైనా ఉంటే అది ఎదురుగాలే. గట్ల మీద చెట్లుండవు, ఆపేది లేదు. గంటకి 18 కిలోమీటర్లతో వెళుతుంటే ఎదురుగా 15 కిలోమీటర్ల గాలి వచ్చిందనుకోండి, మన ఒంటికి తగిలేది 33. గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి మూడు రెట్లు దాటిపోతుంది. అందుకే బయల్దేరేటప్పుడు గాలికి ఎదురు వెళ్ళి, అలసిపోయాక గాలితో తిరిగి రావాలి. వేసవిలో సాయంత్రం దక్షిణం నుంచి పైరగాలి మొదలవుతుంది. కైకలూరు వైపు వెళ్ళినవాళ్ళకి ఇంటికి తోసుకొచ్చే గాలి అది.

దారులు ఎలా వెతకాలి? ట్రెయిల్ అన్న మాటకి తెలుగు లేదని బాధపడనక్కర్లేదు. గోదావరి వైపు 'పుంత' అంటాం, కృష్ణా వైపు 'డొంక' అంటారు. పొలాల మధ్య నుంచి బండ్లు, పశువులు వెళ్ళడానికి పూర్వం వదిలిన దారి. కొల్లేటి దక్షిణపు ఒడ్డున ఉన్న కైకలూరు 2022 దాకా కృష్ణా జిల్లాలో ఉండేది. ఇప్పుడు మన ఏలూరు జిల్లా. కాబట్టి రెండు మాటలూ ఇప్పుడు మనవే. ఫోనులోని శాటిలైటు బొమ్మలో పొలాల మధ్య వంకరగా పోయే సన్నటి గీత కనబడితే అది చాలావరకు పుంతే. పొలం గట్లు తిన్నగా ఉంటాయి, పుంత వంకర తిరుగుతుంది. గ్రామ రెవెన్యూ పటంలో దీనికి వేరే సర్వే నంబరుంటుంది, 'పుంత పోరంబోకు' అని రాసుంటుంది. అంటే ప్రభుత్వ భూమి, నడిచే హక్కు అందరిదీ.

కొల్లేటిలో మాత్రం శాటిలైటుని నమ్మకూడదు. 1999లో +5 కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సార్ జాబితాలోకి ఎక్కింది, 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. కొన్ని గట్లు మళ్ళీ లేచాయి, కొన్ని లేవలేదు. బొమ్మలో నాలుగు కిలోమీటర్లు తిన్నగా కనిపించే గట్టుకి మధ్యలో గండి ఉండొచ్చు. బుడమేరు, తమ్మిలేరు లాంటివన్నీ ఇందులోకే వస్తాయి, బయటికి పోయేది ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి ఏలూరు–కైకలూరు తారు రోడ్డు మీదికే నీళ్ళొచ్చి రాకపోకలు ఆగాయి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా అటు గట్ల జోలికి పోకపోవడమే మేలు. నవంబరు నుంచి మార్చి అసలైన కాలం. ఆటపాకలో పెలికాన్లు గూళ్ళు కట్టుకునే రోజులు కూడా అవే. పక్షుల దగ్గర గట్టు ఖాళీగా కనబడినా బండి తోలకండి, అటవీ శాఖ వాళ్ళు పెట్టిన హద్దు దగ్గరే దిగి నడవండి.

చేపల చెరువు గట్లు చాలావరకు సొంత ఆస్తులు. కాపలా ఆయన కనబడగానే బండి దిగి, "ఏవండీ, ఇలా పోతే రోడ్డెక్కుతామాండీ?" అని అడిగితే సగం పని అయిపోయినట్టే. దారి చెబుతారు, కుక్కల్ని పిలుచుకుంటారు, మంచినీళ్ళు కూడా ఇస్తారు. అడగకుండా దూరితే మేత దొంగలనో చేపల దొంగలనో అనుకోవడంలో వాళ్ళ తప్పేం లేదు. ఏరేటర్లకి వెళ్ళే కరెంటు వైర్లు గట్టు మీద నేల మీదే పడుంటాయి. తడి నేల మీద వైరు కనిపిస్తే ఎత్తి పక్కకి పెట్టడం, టైరుతో తొక్కడం రెండూ ప్రాణం మీదికి తెస్తాయి. వెనక్కి తిరిగి వేరే దారి చూసుకోవాలి. సిమెంటు లైనింగు చేసిన పెద్ద కాలువల గట్ల మీద నీటి అంచుకి దూరంగా, ఒకరి వెనక ఒకరు వెళ్ళండి. ఈత వచ్చినా ఆ నున్నటి వాలు మీద పైకి రావడం కష్టం.

మెట్టలో ప్రమాదాలు చిన్నవి, విసిగించేవి. పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు. ఒక స్పేర్ ట్యూబు, ప్యాచీలు, టైరు లివర్లు, చేతి పంపు లేకుండా వెళ్ళకూడదు. ప్యాచీ వేసేముందు టైరు లోపల వేలితో తడిమి ముల్లు తీయాలి, లేకపోతే పది నిమిషాల్లో మళ్ళీ కూర్చోవాలి. సైకిల్ హెల్మెట్ విడిగా ఉంటుంది, లోపల ఈఎన్ 1078 అని ముద్ర ఉందో లేదో చూడండి. మోటారు సైకిల్‌ది పెట్టుకుంటే ఈ ఎండలో అరగంటకే తీసి హ్యాండిల్‌కి తగిలిస్తారు.

ఎత్తు కోరుకునేవాళ్ళకి ద్వారకా తిరుమల నుంచి కామవరపుకోట మీదుగా జీలకర్రగూడెం వెళ్ళే వైపు బాగుంటుంది. చిన్న చిన్న మిట్టలు, ఎర్రమట్టి, పామాయిలు నీడ. ముందు పళ్ళ చక్రాల్లో చిన్నది మొదటిసారి పనికొచ్చేది ఇక్కడే. చివర గుంటుపల్లి బౌద్ధ గుహలు. క్రీస్తు పూర్వం 2వ శతాబ్దం నాటి గుండ్రటి చైత్యం లోపల, చెక్క దూలాల్ని పోలినట్టు రాతిలోనే పైకప్పు చెక్కారు. స్ట్రక్చర్స్ చదివేవాళ్ళు కాసేపు నిలబడి చూడాల్సిందే. బండ్లు కింద తాళం వేసి మెట్లెక్కండి. వేసవిలో అయితే పొద్దున్న ఐదుకి బయల్దేరి తొమ్మిదికల్లా నీడ పట్టున ఉండేలా చూసుకోండి.

ఒక పని మాత్రం మన క్లబ్బు చేయదగ్గది ఉంది. పటంలో ఉన్న పుంతలన్నీ నేల మీద లేవు. అటు చేను ఇటు చేను చెరో సాలు ముందుకి జరిగి, బండి వెళ్ళే దారి మనిషి వెళ్ళే గట్టయిపోయినవి ఉన్నాయి. చెరువు తవ్వకంలో కలిసిపోయినవీ ఉంటాయి. సెలవులకి ఊరెళ్ళినప్పుడు మీ ఊరి పుంత ఒకటి సైకిల్ మీద మొదటి నుంచి చివరిదాకా వెళ్ళి చూడండి. దాన్ని ఊళ్ళో ఏ పేరుతో పిలుస్తారో తాతయ్యల్నీ అమ్మమ్మల్నీ అడగండి. పేరు, ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో, ఏ నెలల్లో తొక్కొచ్చో, ఎక్కడ తెగిపోయిందో నాలుగు వాక్యాలు రాసి పంపితే వచ్చే సంచికలో మండలాల వారీగా వేస్తాం. పటం గీసే పని సివిల్ సెకండియర్ వాళ్ళు ఒప్పుకున్నారు.