సెల్లుల గూడు – ఇంట్లో చేసుకునే చెక్కపని



మన హాస్టల్ గోడ గడియారం, ఇంట్లో టీవీ రిమోటు, కరెంటు పోతే వెతుక్కునే టార్చిలైటు... ఇవన్నీ సెల్లుల మీదనే నడుస్తాయి. ఆ సెల్లులు మాత్రం అవసరానికి దొరకవు. దొరికినా కొత్తదేదో, అయిపోయినదేదో తెలియదు. అందుకే గోడకు తగిలించుకునే ఒక గూడు చేసే పద్ధతిని మేము ఇక్కడ రాస్తున్నాము. మా ఇండ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. చదువు ఇంటి పనికి కూడా అక్కరకు రావాలని మా ఆశ.

ముందు కొలతలు

పెన్సిల్ సెల్ పొడవు 50.5 మి.మీ., మందం 14.5 మి.మీ. సన్న పెన్సిల్ సెల్ (రిమోటుది) పొడవు 44.5, మందం 10.5 మి.మీ. గూటిలో సెల్లును అడ్డంగా పడుకోబెట్టి పైనుంచి వేస్తాము, కిందినుంచి తీస్తాము. ముందు కొన్నది ముందు ఖర్చవుతుంది.

కావలసినవి

6 మి.మీ. ప్లైవుడ్ (201 × 340 మి.మీ.), 12 మి.మీ. వెడల్పు, 17 మి.మీ. మందం గల బద్దెలు, 3 మి.మీ. పారదర్శక ప్లాస్టిక్ రేకు (201 × 268), పలుచని ప్లైవుడ్ ముక్కలు, ఫెవికాల్, చిన్న స్క్రూలు, గరుకు కాగితం.

చెక్క విషయంలో ఒక జాగ్రత్త. పటాన్‌చెరు, పాశమైలారం వైపు ఫ్యాక్టరీల ప్యాకింగ్ చెక్క చవకగా దొరుకుతుంది. దాని మీద కంకి గుర్తు పక్కన ‘హెచ్‌టీ’ అని ఉంటే వేడిచేసి శుద్ధి చేసినదని అర్థం. ‘ఎంబీ’ అని ఉంటే విషవాయువు పట్టించినది, దాన్ని వాడవద్దు. రసాయనాల మరక, వాసన ఉన్న చెక్క ఏదైనా ఇంట్లోకి తేవద్దు.

తయారీ విధానం

1. ప్లైవుడ్ పైభాగాన 40 మి.మీ. వదిలి, 300 మి.మీ. పొడవు బద్దెలు నాలుగు నిలువుగా అతికించాలి. మధ్య ఖాళీలు 53, 53, 47 మి.మీ. ఉండాలి. మొదటి రెండు పెన్సిల్ సెల్లులకు, మూడోది సన్నవాటికి.

2. మూడో గాడి వెనుక 4 మి.మీ. ప్లైవుడ్ అతికించాలి. లేకుంటే లోతు ఎక్కువై, సన్న సెల్లులు ఒకదాని పక్కకు ఒకటి జారి ఇరుక్కుంటాయి.

3. ప్రతి గాడి అడుగున 12 మి.మీ. ఎత్తు నేలచెక్క పెట్టాలి. మూడోదాని మీద మరో 5 మి.మీ. ముక్క వేయాలి.

4. నేలచెక్క ముందు, దానికంటే 3 మి.మీ. పైకి వచ్చేలా పట్టీ కొట్టాలి. అది సెల్లు దొర్లిపడకుండా ఆపుతుంది. పట్టీకి, నేలచెక్కకు మధ్యలో వేలు పట్టేలా 20 మి.మీ. గాడి కోయాలి.

5. ప్లాస్టిక్ రేకు పై అంచును బద్దెల పై అంచుతో కలిపి స్క్రూలు బిగించాలి. కింద మిగిలిన సందులోంచి ఒక్క సెల్లే బయటికి వస్తుంది.

పెన్సిల్ సెల్లుల గాడి ఒక్కోదానిలో 19, సన్నవాటి గాడిలో 26 పడతాయి. పైన వదిలిన చోట రెండు స్క్రూలతో, ఎండ, పొయ్యి వేడి తగలని గోడకు బిగించండి.

గూటిలో పెట్టకూడనివి

చిన్న బిళ్ల సెల్లులు ఇందులో వద్దు. పిల్లలు మింగితే రెండు గంటల్లోనే గొంతులోపల కాలి పుండు పడవచ్చు. వాటిని ప్యాకెట్‌లోనే ఉంచి తాళం వేయండి. మింగినట్లు అనుమానం వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. 9 వోల్టుల సెల్లుకు రెండు కొనలూ ఒకే వైపు ఉంటాయి. తాళంచెవి తగిలినా వేడెక్కి నిప్పు పుట్టవచ్చు. కొనలకు టేపు అంటించి వేరుగా ఉంచాలి. పాతదీ కొత్తదీ కలిపి ఒకే వస్తువులో వేయవద్దు; పాతది కారిపోతుంది.

అయిపోయినవి ఎక్కడికి?

గూటి పక్కన మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి తగిలించండి. అయిపోయిన సెల్లులు అందులోకే పోవాలి, చెత్తకుప్పలోకి గాని, మంటలోకి గాని కాదు. ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులో కలిసి పొలాలు, బావులు పాడైన కథ మన ప్రాంతానిదే. 1990లో ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయింది. నీళ్లు చెడటానికి ఏండ్లు పట్టవు, బాగుపడటానికి పడతాయి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వేరుగా ఉంచడం మన బాధ్యత, తిరిగి సేకరించే ఏర్పాటు ఉత్పత్తిదారుల బాధ్యత. డబ్బా నిండగానే ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వాలి.

ఖర్చు కొద్దిగా, పని ఒక ఆదివారం. సెలవులకు ఇంటికి పోయినప్పుడు తమ్ముళ్లను, చెల్లెళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. కొలత తీసే పని వాళ్లకే ఇవ్వండి. మిల్లీమీటరు విలువ పుస్తకంలో కంటే చేతిలో తొందరగా తెలుస్తుంది.