ఒక కుర్చీకి నలుగురు నర్సులు

ప్రభుత్వాసుపత్రిలో రోగిని చేర్చిన బంధువు రాత్రి రెండు గంటలకు లేచి, "సిస్టరమ్మ యెక్కడ?" అని వరండాలో వెదకుకొనుట మన గ్రామస్థులలో పలువురికి అనుభవమే. డాక్టరు రోజునకు ఒకటి రెండు మారులు వచ్చి చూచి పోవును. సెలైను సీసా అయిపోయినదా, జ్వరము పెరిగినదా, బాలింతకు రక్తస్రావము ఎక్కువైనదా యని రాత్రింబవళ్లు కనిపెట్టవలసినది నర్సే. ఆమె లేనిచో డాక్టరు వ్రాసిన మందు వేళకు పడదు.

ఈ కొరత నేటిది కాదు. సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడిన ఆరోగ్య సంఘము 1946లో సమర్పించిన నివేదికలో, నాటి బ్రిటిషు ఇండియాలో 43,000 మందికి ఒక నర్సు మాత్రమే యున్నట్లు తేల్చినది. నేడు నర్సింగు బడులు, కళాశాలలు ఎన్నియో పెరిగినవి. మరి వార్డులో కొరత యెందులకు?

మొదట లెక్క చూతము. వార్డులో ఒక నర్సు ఎల్లవేళల ఉండవలెనన్న, ఎనిమిదేసి గంటల వంతున రోజునకు మూడు డ్యూటీలు, వారమునకు 21. ఒక మనిషి వారమునకు ఆరు డ్యూటీలు చేసి ఒకనాడు విశ్రాంతి తీసికొనును. అనగా మూడున్నర మంది. దీనికి పండుగ సెలవులు, జబ్బు సెలవులు, ప్రసూతి సెలవు కలుపగా, ఆ ఒక్క కుర్చీ ఖాళీ కాకుండుటకు నలుగురికి పైగా కావలెను. నలుగురిలో ఒకరు లేకున్న "ఖాళీ ఒకటే గదా" యని కాగితము చెప్పును. కాని ముగ్గురు చేయగలిగినవి 18 డ్యూటీలే. మిగిలిన మూడింటికి ఎవరో ఒకరు విశ్రాంతి మానుకొనవలెను, లేదా ప్రక్క వార్డు నర్సమ్మయే రెండు వార్డులను చూడవలెను.

ఇక భర్తీకి పట్టు కాలము. తెలంగాణలో 2022 డిసెంబరు 30న వైద్య ఆరోగ్య సేవల నియామక మండలి 5,204 స్టాఫ్ నర్సు ఉద్యోగములకు ప్రకటన వెలువరించినది. నడుమ ఖాళీల సంఖ్య పెంచబడినది. పరీక్ష 2023 ఆగస్టు 2న జరిగినది. 2024 జనవరి 31న హైదరాబాదులో 6,956 మందికి నియామక పత్రములు అందినవి. ఇంత పెద్ద నియామకము హర్షింపదగినదే. కాని పట్టినది పదమూడు మాసములు. అంతకాలము పదవీ విరమణలు ఆగవు, రోగులును ఆగరు.

ఆ ఎంపికలో వ్రాత పరీక్షకు 80 మార్కులు. ప్రభుత్వాసుపత్రులలో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగు పద్ధతిని పనిచేసినవారికి గరిష్ఠముగ 20. ఆరుమాసముల సేవకు రెండు మార్కులు, గిరిజన ప్రాంతమైనచో రెండున్నర. ఇది న్యాయమే. అయినను అట్టివారు ఎంపికైనపుడు వారి పాత స్థానము ఖాళీ యగును గదా! కనుక పత్రముల సంఖ్యయంతయు కొత్త చేతుల సంఖ్య యని భ్రమపడరాదు. ఏజెన్సీ గ్రామమున ఆ స్థానమును మరల నింపుట మరియు కష్టము. ఉండుటకు ఇల్లు, రాత్రి డ్యూటీకి పోవుటకు బస్సు లేని చోట జీతమొక్కటే మనిషిని నిలుపజాలదు. క్వార్టర్లు కట్టించుట నియామకములో సగము పని యని మా యభిప్రాయము.

పిల్లలను ఈ చదువునకు పంపదలచిన తలిదండ్రులకు ఒక మాట. ఇంటర్మీడియటు పిదప జి.ఎన్.ఎం. మూడేండ్లు, బి.ఎస్సి. నర్సింగు నాలుగేండ్లు. మగపిల్లలును చదువవచ్చును. ఉత్తీర్ణులైన పిమ్మట రాష్ట్ర నర్సింగు మండలిలో పేరు నమోదు చేయించుకొనవలెను. అది లేనిదే సర్కారు కొలువునకు అర్హత లేదు. రుసుము చెల్లించుటకు ముందే ఆ కళాశాలకు మండలి గుర్తింపు కలదో లేదో విచారింపుడు. పత్రము చూపుమని అడుగుటకు సంకోచింపవలదు.