కరిగెట ట్రాక్టర్లలో స్టీరింగు బరువెక్కుట: మెదక్ ప్రాంతానికి అనువైన లోపనిర్ధారణ క్రమం

మంజీరా నదిపై 1905లో నిర్మితమైన ఘనపూర్ ఆనకట్ట కింద, చెరువుల కింద, బోరుబావుల కింద మెదక్ పరిసరాలలో వరి ప్రధాన పంటగా సాగవుతున్నది. వానాకాలంలోను, యాసంగిలోను నాట్లకు ముందు చేసే దమ్మును ఇక్కడి రైతులు కరిగెట అంటారు. నీరు అందిన కొద్ది వారాలలోనే ఈ పని ముగియవలసి ఉండుటచే ఆ రోజులలో ట్రాక్టరు ఉదయం నుండి చీకటి పడేవరకు బురదలోనే తిరుగుతుంది. నాట్లు పూర్తయ్యే నాటికి మెదక్ పట్టణంలోని మరమ్మతు షెడ్లలో తరచుగా వినబడే ఫిర్యాదులలో "స్టీరింగు టైటయింది" అన్నది ఒకటి.

ఈ ఫిర్యాదుకు సాధారణంగా లభించే సమాధానం పంపు మార్చమని. పవర్ స్టీరింగు గల ట్రాక్టరులో స్టీరింగు బరువెక్కితే దోషం హైడ్రాలిక్ పంపుదేనన్న భావన రైతులలోనే కాక, యంత్రాలతో అంతగా పరిచయం లేని విస్తరణ సిబ్బందిలో కూడా ఉన్నది. అయితే బరువెక్కుట ఒక లక్షణం మాత్రమే. టైరు నేలను తాకే చోటు నుండి డ్రైవరు చేతి వరకు ఉన్న గొలుసులో ఏ కడియం వద్దనైనా అది పుట్టవచ్చు. కరిగెట చేసే ట్రాక్టర్లలో మొదట అనుమానించవలసిన చోటు పంపు కాదు, ముందు ఇరుసు చివరనున్న కింగ్ పిన్. పంపు ధరకు, గ్రీజు డబ్బా ధరకు గల వ్యత్యాసాన్ని బట్టి చూస్తే లోపాన్ని ఏ క్రమంలో వెదకాలన్నది రైతుకు చిన్న విషయం కాదు.

ప్రమాదం మరొకటి ఉన్నది. స్టీరింగు బరువెక్కిన ట్రాక్టరును డ్రైవర్లు మూలనపెట్టరు. ఎడమ, కుడి బ్రేకు పెడళ్లను విడదీసి, తిరగవలసిన వైపు చక్రానికి మాత్రమే బ్రేకు వేసి మలుపు తీసుకుంటారు. మడిలో, నెమ్మది వేగంలో ఇది అంగీకృతమైన పద్ధతే. అదే అలవాటుతో వడ్ల ట్రాలీని తగిలించుకొని రామాయంపేట రోడ్డు ఎక్కినప్పుడు ఒక్క చక్రపు బ్రేకు బండిని క్షణంలో అడ్డం తిప్పి బోల్తా కొట్టించగలదు. రోడ్డు ఎక్కే ముందు రెండు పెడళ్లను కొక్కెంతో కలిపివేయాలని ప్రతి శిక్షణలోనూ చెబుతాము. స్టీరింగు బాగుచేయనంతవరకు ఆ మాటను డ్రైవరు పాటించలేడు.

బరువును అంకెలలో చూడుట

"గట్టిగా ఉంది" అన్న మాట మనిషిని బట్టి మారుతుంది. దానిని కొలవడానికి సంతలో దొరికే స్ప్రింగు కాటా చాలును. గట్టి నేలపై, సమతలంలో బండిని నిలిపి, ముందు చక్రాలను నిటారుగా ఉంచి, ఇంజను నడుస్తుండగా కాటా కొక్కేన్ని స్టీరింగు చక్రపు అంచుకు, పుల్ల కలిసే చోట కట్టాలి. అంచుకు స్పర్శరేఖగా, అనగా పుల్లకు లంబంగా మెల్లగా లాగి, చక్రం కదులుతున్నప్పటి కొలతను నమోదు చేయాలి. కదలిక మొదలయ్యే క్షణంలో కనబడే గరిష్ఠ విలువను విడిగా వ్రాసుకోవాలి. కుడివైపు, ఎడమవైపు రెండూ కొలవాలి.

కాటాపై 6 కిలోలు కనబడితే బలం సుమారు 59 న్యూటన్లు. స్టీరింగు చక్రపు వ్యాసార్ధం 20 సెం.మీ. అయితే టార్కు సుమారు 12 న్యూటన్ మీటర్లు. వేర్వేరు నమూనాలలో ఈ చక్రం పరిమాణం వేరు కనుక రెండు బండ్లను పోల్చునపుడు బలాన్ని గాక టార్కును పోల్చాలని విద్యార్థులు గుర్తించాలి. ఒకే బండి విషయంలో మరమ్మతుకు ముందు, తరువాత పోల్చుటకు కాటా కొలత ఒక్కటే చాలును.

హద్దులు ఎంత అన్న ప్రశ్న రావడం సహజం. ఐరోపా సమాజం 1975లో ట్రాక్టర్ల స్టీరింగుపై జారీ చేసిన ఆదేశంలో, నడుస్తున్న ట్రాక్టరును 12 మీటర్ల వ్యాసార్ధపు మలుపులోకి తిప్పుటకు 250 న్యూటన్లకు మించిన బలం అవసరం కారాదని, పవర్ సహాయం విఫలమైనపుడు కూడా 600 న్యూటన్లు దాటరాదని నిర్దేశించారు. కార్లకు ఐక్యరాజ్యసమితి 79వ నిబంధనలో ఈ హద్దులు వరుసగా 150, 300 న్యూటన్లు. 250 న్యూటన్లంటే 25 కిలోల బియ్యం బస్తాను ఎత్తే బలం. ఈ హద్దులు కదిలే బండికి చెప్పినవి. నిలిచిన బండిపై తీసిన కొలత అంతకంటే ఎక్కువగా ఉండవచ్చు. కనుక కాటా కొలతను ఈ హద్దులతో నేరుగా సరిపోల్చరాదు. దాని ఉపయోగం పోలికలోనే ఉన్నది.

డ్రైవరును అడుగవలసినవి

పానా పట్టుకునే ముందు అడిగే నాలుగు మాటలు సగం పని తేలిక చేస్తాయి. బరువు ఒక్కసారిగా వచ్చిందా, క్రమంగా పెరిగిందా? హఠాత్తుగా వచ్చినట్లయితే ఆయిలు కారిపోవుట, హోసు పైపు పగులుట, పంపును నడిపే భాగం తెగుట వంటివి అనుమానించాలి. వారాల తరబడి పెరిగినట్లయితే గ్రీజు ఎండిన కీళ్లు, తుప్పు. రెండు వైపులా ఒకే విధంగా ఉన్నదా? ఒక్క వైపే బరువైతే పంపును దాదాపు వదిలివేయవచ్చు; రెండు దిశలకూ ఆయిలు పంపేది అదే కదా. అప్పుడు సిలిండరు సీళ్లను, కంట్రోల్ వాల్వును, లేదా ఒక వైపు కింగ్ పిన్‌ను చూడాలి. స్లోలో బరువుగా ఉండి, రేసు పెంచగానే తేలికవుతున్నదా? అలాగైతే అరిగిన పంపు లేదా జారుతున్న బెల్టు. మడిలో మాత్రమే బరువా, గట్టి నేలపైన కూడానా? బురదలో ముందు చక్రాలు దిగబడి మట్టిని పక్కకు నెట్టుకుంటూ తిరుగుతాయి కనుక అక్కడ కొంత బరువు సహజం, అది లోపం కాదు.

ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్ల విషయంలో ఐదవ ప్రశ్న కూడా అవసరం: తారురోడ్డుపై ముందు ఇరుసు లివరు వేసి ఉంచారా? ఈ ట్రాక్టర్లలో ముందు చక్రాలు వెనుకవాటి కంటె కొద్దిగా ఎక్కువ వేగంతో తిరిగేటట్లు గేర్లు అమర్చబడి ఉంటాయి. మెత్తని నేలలో చక్రాలు కొద్దిగా జారి ఆ తేడాను సర్దుకుంటాయి. గట్టి రోడ్డుపై జారుటకు వీలుండక ఇరుసులో మెలిక బిగుసుకొని స్టీరింగు గట్టిపడుతుంది, టైర్లు కూడా త్వరగా అరుగుతాయి. లివరు తీయగానే తగ్గే ఈ బరువుకు మరమ్మతుతో పని లేదు. ముందు టైర్లు మార్చునపుడు కొలత వేరైన టైరు వేయించినా ఈ నిష్పత్తి చెడుతుంది.

టైర్లు, చక్రాల అమరిక

టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్ల ముందు టైర్లకు సాధారణంగా 25 నుండి 35 పౌండ్ల మధ్య, వెనుక టైర్లకు 12 నుండి 18 పౌండ్ల మధ్య గాలిపీడనం సూచింపబడుతుంది. కచ్చితమైన విలువ ఆయా బండి పుస్తకంలో చూడాలి. ముందు టైర్లలో కూడా వెనుక టైర్ల స్థాయిలోనే గాలి ఉంటే టైరు నేలపై పరచుకొని రాపిడి పెరుగుతుంది. మరమ్మతు ఖర్చు లేని లోపం ఇది, అందుకే దీనిని మొదట చూడాలి.

వరితో పాటు పత్తి, మొక్కజొన్న చేలలో కూడా తిరిగే ట్రాక్టర్లలో సాళ్లకు అనుగుణంగా ముందు చక్రాల మధ్య దూరాన్ని మారుస్తారు. ఇరుసును జరిపినప్పుడు రాడ్ల పొడవును రెండు వైపులా సమానంగా సవరించకపోతే టో ఇన్ చెడిపోతుంది. చక్రాల మధ్య దూరాన్ని హబ్ ఎత్తులో ముందు అంచు వద్ద ఒకసారి, వెనుక అంచు వద్ద ఒకసారి కొలవగా ముందు కొలత కొద్ది మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. తేడా ఎక్కువైతే టైరు అంచులు ఈకల వలె లేస్తాయి. దీనివల్ల వచ్చే బరువు కొద్దిపాటిదే, టైర్ల నష్టమే పెద్దది.

జాకీ పరీక్ష

పై విషయాలు సరిచూసిన తరువాత వెనుక చక్రాలకు అడ్డుకట్టెలు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ముందు ఇరుసును జాకీతో ఎత్తి గట్టి ఆధారాలపై నిలపాలి. జాకీ ఒక్కదానినే నమ్మి బండి కిందికి దూరరాదు. చక్రాలు నేలను వీడిన స్థితిలో స్టీరింగును తిప్పి కాటాతో మరల కొలవాలి. కొలత బాగా పడిపోతే దోషం నేల వైపున, అనగా టైరులో, భారంలో లేదా అమరికలో ఉన్నది. ఎత్తినా బరువు తగ్గకపోతే లోపం బండిలోనే ఉన్నది.

అయితే బండిలో ఎక్కడ? దీనిని తేల్చే పరీక్షను చాలా షెడ్లలో చేయరు. ఇంజను ఆపి, సాధారణ స్టీరింగు అయితే డ్రాగ్ లింకును, హైడ్రోస్టాటిక్ అయితే సిలిండరు కడ్డీ చివరను చక్రపు చేతి నుండి ఊడదీయాలి. సిలిండరు తగిలించి ఉండగా లోపల నిలిచిన ఆయిలు చక్రాన్ని కదలనీయదు కనుక ఊడదీయకుండా చేసిన పరీక్షకు అర్థం లేదు. ఇప్పుడు ముందు చక్రాలను చేతితో ఒక కొస నుండి మరో కొసకు తిప్పాలి. అవి తేలికగా తిరిగితే కింగ్ పిన్నులు, టై రాడ్ కీళ్లు నిర్దోషులు. స్టీరింగు బాక్సును లేదా హైడ్రాలిక్ వ్యవస్థను చూడాలి. చేతికి గట్టిగా తగిలితే టై రాడ్‌ను కూడా విడదీసి ఒక్కొక్క చక్రాన్ని వేరుగా తిప్పి, బిగుసుకున్నది ఏ వైపో కనుగొనాలి. పది నిమిషాల ఈ పని చేయకుండా పంపు విప్పుట సమర్థనీయం కాదు.

కింగ్ పిన్

కరిగెటలో ముందు హబ్బు దాదాపు మునిగే లోతు వరకు బురదనీరు ఉంటుంది. సన్నని బంకమట్టి నీటితో పాటు సీలు దాటి కింగ్ పిన్ బుష్‌లోనికి చేరి పాత గ్రీజుతో కలిసి ముద్దవుతుంది. పని ముగిసి బండి ఎండలో నిలిచినపుడు ఆ ముద్ద గట్టిపడి, పిన్ను తుప్పుపట్టి, తిరుగవలసిన కీలు బిగుసుకుంటుంది.

పొడి పనులలో వారానికొకసారి పెట్టే గ్రీజు కరిగెట రోజులలో సరిపోదు. ప్రతిరోజూ పని ముగిసిన తరువాత పెట్టాలి. ముందు బండిని కడిగి, ఆ తరువాత గ్రీజు పెట్టాలి, కడగకముందు కాదు. కడుగునపుడు ఒత్తిడి గల నీటిధారను సీళ్లపైకి నేరుగా కొట్టరాదు. బండి బరువు చక్రాలపై ఉండగా గన్నుతో కొట్టిన గ్రీజు కింగ్ పిన్ కింద బరువు మోసే థ్రస్ట్ బేరింగుకు చేరదు, ఎందుకంటే అక్కడి సందు మూసుకొని ఉంటుంది. ఇరుసును ఎత్తి, చక్రాన్ని అటూ ఇటూ తిప్పుతూ, పాత మురికి గ్రీజు వెడలి కొత్తది కనబడేవరకు కొట్టాలి. గన్ను ఎంత నొక్కినా గ్రీజు దిగకపోతే నిపుల్‌ను విప్పి డీజిలుతో శుభ్రపరచి, లోపలి రంధ్రం తెరిచి ఉన్నదో లేదో చూడాలి. నిపుల్ చుట్టూ చిమ్మిన గ్రీజును చూసి పెట్టినట్లే భావించుట పరిపాటి, కానీ లోపలికి ఒక్క చుక్క కూడా పోకపోయి ఉండవచ్చు.

పిన్ను గీతలు పడినా, చక్రాన్ని పైన, కింద పట్టి ఊపినపుడు ఆట కనబడినా పిన్ను, బుష్ రెండూ మార్చాలి. కొత్త బుష్‌ను దిగగొట్టునపుడు దాని గ్రీజు రంధ్రం ఇరుసులోని రంధ్రానికి ఎదురుగా రావాలి. కొద్దిగా తప్పినా గ్రీజుకు దారి ఉండదు. కొత్తగా వేసిన బుష్ ఒక్క సీజనులోనే బిగుసుకొనుటకు ఇది ఒక ముఖ్య కారణం.

హైడ్రాలిక్ భాగం

కీళ్లు తేలికగా ఉండి కూడా స్టీరింగు బరువుగా ఉంటే అప్పుడు ఆయిలు వైపు రావాలి. మట్టం, రంగు, నురుగు ఈ మూడూ చూడాలి. పాలవలె తెల్లబడిన ఆయిలులో నీరు చేరింది. నురుగు, దానితో పాటు పంపు కూత ఉంటే పీల్చే పైపులో గాలి లాగుతున్నది లేదా మట్టం తగ్గింది. కొన్ని ట్రాక్టర్లలో స్టీరింగుకు వేరే డబ్బా, కొన్నింటిలో గేరుపెట్టె ఆయిలే ఉమ్మడి. ఏ ఆయిలో తెలియక ఉన్నదేదో కలిపితే సీళ్లు ఉబ్బుతాయి. ఫిల్టరు మూసుకొన్నా పంపు లోపం వంటి లక్షణాలే కనబడతాయి.

ఇవన్నీ సరిగా ఉన్నప్పుడే పీడన పరీక్ష. పంపు నుండి వచ్చే పైపులో గేజిని తగిలించి, స్టీరింగును చివరి వరకు తిప్పి కొలత చూడాలి. ఆ స్థితిలో కొద్ది సెకన్లకు మించి పట్టి ఉంచరాదు, ఆయిలు వేడెక్కుతుంది. కొలత పుస్తకంలోని విలువ కంటె తక్కువైతే పంపు కంటె ముందు రిలీఫ్ వాల్వును విప్పి చూడాలి. అందులో ఇరుక్కున్న చిన్న మట్టిరేణువు కూడా పీడనాన్ని వదిలివేస్తుంది. కారుతున్న సన్నని పగులును వేలితో తడిమి వెదకరాదు. ఒత్తిడి గల ఆయిలు చర్మంలోనికి చొచ్చుకొనిపోతుంది. అట్టముక్కను అడ్డుపెట్టి చూడాలి.

అతి తేలిక

వెనుక రోటవేటరు తగిలించి, ముందు బరువులు తీసివేసిన బండిలో స్టీరింగు హాయిగా తిరుగుతుంది. ఇది మంచి గుర్తు కాదు. ముందు ఇరుసుపై ట్రాక్టరు బరువులో కనీసం 20 శాతం నిలవకపోతే చక్రాలు తిరుగుతాయి కానీ బండి తిరుగదు. స్టీరింగు బరువు తగ్గించుకొనుటకై ముందు బరువులు తీయించే డ్రైవర్లకు ఇది వివరించాలి.

కార్లకు ఇదే క్రమం

విస్తరణ సిబ్బంది వాడే కార్లకు కూడా టైరుగాలి, జాకీ పరీక్ష ఇవే వరుసలో వర్తిస్తాయి. ఇటీవలి చిన్న కార్లలో ఆయిలు పంపుకు బదులు విద్యుత్ మోటారు ఉంటుంది. ఇటువంటి ఏర్పాటు 1988లో జపానులో సుజుకి సెర్వో కారుతో మొదలైనది. వీటిలో హెచ్చరిక దీపం వెలిగి స్టీరింగు ఒక్కసారిగా గట్టిపడితే ముందుగా బ్యాటరీ వోల్టేజిని, టెర్మినళ్లను, ఫ్యూజును చూడాలి. ఇరుకు స్థలంలో పదేపదే చివరి వరకు తిప్పితే మోటారు వేడెక్కి సహాయాన్ని తానే తగ్గించుకుంటుంది, చల్లారిన పిదప యథాస్థితికి వస్తుంది. ప్రతి సగం చుట్టుకు ఒకసారి బిగిసి వదులుతున్నట్లు ఉంటే మోటారు జోలికి పోకుండా పెడళ్ల దగ్గర ఉండే స్టీరింగు కడ్డీ యూనివర్సల్ కీలును చూడాలి. అక్కడ తుప్పుపట్టుట వర్షాకాలం తరువాత సాధారణం.

శిక్షణలో

కంది వ్యవసాయ ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులకైనా, అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థకు వెళ్లే డ్రైవర్లకైనా స్ప్రింగు కాటా కొలతను, కడ్డీ ఊడదీసి చేసే పరీక్షను చేతులతో చేయించాలి. గ్రామస్థాయి ప్రదర్శనకు నాట్లు ముగిసిన వారం అనువైన సమయం. ట్రాక్టర్లు ఖాళీగా ఉంటాయి, లోపాలు తాజాగా ఉంటాయి. ప్రతి బండికి కుడి, ఎడమ కొలతలు, నేలపై, ఎత్తిన స్థితిలో వేర్వేరుగా వ్రాసి, తేదీతో సహా డ్రైవరుకే ఇవ్వాలి. మరల వచ్చే కరిగెటకు పది రోజుల ముందు అదే కాటాతో, అదే నేలపై కొలిచి, పెరిగిన బండ్ల ఇరుసును ఎత్తి గ్రీజు పెట్టించాలి.