జాకెట్టు చెయ్యి బిగుతైతే అశ్రద్ధ చేయకండి

రొమ్ము క్యాన్సరుకు ఆపరేషన్ అయింది. కరెంటు పెట్టించడమూ పూర్తయింది. అమ్మ ఇంటికి వచ్చి మళ్ళీ వంటింట్లో తిరుగుతోంది. కొన్ని నెలలకో, కొన్నేళ్ళకో ఒకరోజు, ఆపరేషన్ అయిన వైపు జాకెట్టు చెయ్యి బిగుతుగా ఉందంటుంది. గాజులు ఎక్కవు. సాయంత్రానికి చెయ్యి బరువుగా లాగుతుంది. ఇంట్లోవాళ్ళు "ఒళ్ళు చేశావులే" అని తీసిపారేస్తారు, లేదా జబ్బు తిరగబెట్టిందని బెంబేలెత్తి ఆమె ముందే ఏడుస్తారు. ఈ రెండూ వద్దు. డాక్టరుకు చూపించండి.

ఇది లింఫెడీమా కావచ్చు. మన శరీరంలో రక్తనాళాలతో పాటు లింఫ్ అనే ద్రవాన్ని తీసుకుపోయే సన్నని నాళాలు ఉంటాయి. చేతిలోని ద్రవంలో ఎక్కువ భాగం చంకలోని గ్రంథుల గుండా వెళ్ళాలి. ఆ గ్రంథులను తీసివేసినా, రేడియేషన్ వల్ల దెబ్బతిన్నా, పూడిక తీయని పంటకాలువలో మాదిరిగా ద్రవం వెనుకనే నిలిచిపోతుంది. చంక గ్రంథులను చాలావరకు తీసిన స్త్రీలలో సుమారు 5 మందిలో ఒకరికి ఈ వాపు వస్తుంది. కొన్నిటిని మాత్రమే పరీక్షకు తీసినవారిలో 20 మందిలో ఒకరికి వస్తుంది.

మన డెల్టా ప్రాంతంలో వాపు అనగానే బోదకాలు గుర్తుకొస్తుంది. అందులోనూ దెబ్బతినేది ఈ నాళాలే. అయితే దానికి కారణం దోమకాటుతో వచ్చే ఫైలేరియా పురుగు. ఇది ఎవరికీ అంటదు. ఆమె కంచం, మంచం వేరు చేయనవసరం లేదు. ఫైలేరియా జిల్లాల్లో 2004 నుంచి పంచుతూ వచ్చిన డి.ఇ.సి. మాత్రలు ఈ వాపును తగ్గించవు. నీరు తీసే మాత్రలూ అంతే. బి.పి.కి డాక్టరు ఇచ్చినవైతే మాత్రం మానకండి.

దర్జీ టేపు ఒకటి ఇంట్లో ఉంచండి. మోచేతికి 10 సెంటీమీటర్ల పైన, 10 సెంటీమీటర్ల కింద రెండు చేతులనూ నెలకొకసారి కొలిచి రాసిపెట్టండి. ఆపరేషన్‌కు ముందే కొలిస్తే మరీ మంచిది. తేడా 2 సెంటీమీటర్లకు పెరిగిందంటే ఆలస్యం చేయకండి. మొదట్లో ఈ వాపు అణుగుతుంది, చర్మం గట్టిపడ్డాక తగ్గించడం కష్టం.

"ఆ చేత్తో ఏ పనీ చేయకు" అని ప్రేమతోనే కూర్చోబెడతారు. ఒకప్పుడు డాక్టర్లూ అలాగే చెప్పేవారు. అమెరికాలో ఈ వాపు ఉన్న 141 మంది స్త్రీలపై చేసిన పరిశోధన 2009లో వెలువడింది. వారానికి రెండుసార్లు, శిక్షకుల పర్యవేక్షణలో కొద్దికొద్దిగా బరువులెత్తినవారికి, ఎత్తనివారికంటే వాపు ఎక్కువగా పెరగలేదు. కనుక ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామం చేయనివ్వండి, ఇంటి పనులూ చేసుకోనివ్వండి. ఒక్కసారిగా బియ్యం బస్తా మాత్రం ఎత్తించకండి. చేతి కొలతకు తగిన బిగుతు తొడుగు వాడమంటే, బెజవాడ మే నెల ఎండలో అది నిజంగా చికాకే. రెండు కొని మార్చి మార్చి ఉతికి ఇస్తే కొంత నయం. దాని బదులు గుడ్డపట్టీ బిగించి కట్టకండి.

చేప ముల్లు గుచ్చుకున్నా, ఆవకాయ ముక్కలు కోస్తూ తెగినా వెంటనే సబ్బుతో కడిగి మందు రాయండి. చర్మం పగలకుండా కొబ్బరినూనె చాలు. ఇంజెక్షనుకూ బి.పి.కీ వీలైతే రెండో చెయ్యి ఇవ్వమనండి. అత్యవసరంలో ఈ చేతికే చేసినా కంగారు పడకండి.

చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం వస్తే అది ఇన్ఫెక్షన్. కాపడం పెట్టవద్దు, జండూబామ్ రుద్దవద్దు, తెల్లారేదాకా ఆగవద్దు. రాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకురండి.