కాలేజీల మీద, సైన్సు మీద పరిశోధన: మన ఊళ్ల పిల్లలకు ఓ మంచి దారి

ఇంటర్ ఫలితాలు రాగానే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఇంటింటా వినిపించే ప్రశ్నలు మూడే. ర్యాంకెంత? ఏ బ్రాంచి? ఏ కాలేజీ? వీటికి జవాబు చెప్పేవాళ్లు వీధికొకరు దొరుకుతారు. అడగాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. పక్కపక్క ఇళ్లలో పెరిగిన ఇద్దరిలో ఒకరు హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీకీ, మరొకరు ఊళ్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీకీ ఎందుకు వెళ్తారు? బీటెక్ పూర్తయిన అమ్మాయికి ముందు ఉద్యోగమా, పెళ్లా అన్నది ఎవరు తేలుస్తారు? ల్యాబ్‌లో చక్కగా పనిచేసిన పద్ధతి ఊళ్లోకి వచ్చేసరికి ఎందుకు తడబడుతుంది?

ఇవన్నీ పరిశోధన అంశాలే. వీటి మీద ఎమ్మే, పీహెచ్‌డీ చేసి జీవితమంతా పనిచేయవచ్చు. ఈ దారి ఉందని మన పిల్లలకు చెప్పేవాళ్లే తక్కువ.

ఏమిటీ సబ్జెక్టు?

ఇందులో రెండు పాయలున్నాయి. మొదటిది ఉన్నత విద్య అధ్యయనం. కాలేజీలు ఎలా పుడతాయి, ఫీజు ఎవరు కడతారు, సీటు ఎవరికి దక్కుతుంది, పట్టా చేతికొచ్చాక బతుకు ఎలా మారుతుంది అన్నవి ఇందులో చదువుతారు. రెండోది సైన్స్ అండ్ టెక్నాలజీ స్టడీస్. శాస్త్రజ్ఞులు పనిచేసే తీరు, ఒక విషయం 'రుజువైంది' అని నలుగురూ ఒప్పుకునే తీరు, యంత్రాలూ మందులూ జనం చేతికి చేరే తీరు దీని పరిధిలోకి వస్తాయి.

1962లో థామస్ కూన్ రాసిన 'ది స్ట్రక్చర్ ఆఫ్ సైంటిఫిక్ రెవల్యూషన్స్' ఈ రెండో పాయకు ఊపునిచ్చింది. బ్రూనో లాటూర్ కాలిఫోర్నియాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్ ప్రయోగశాలలో కూర్చుని, ఒక పల్లెను గమనించినట్టే శాస్త్రజ్ఞుల రోజువారీ పనిని గమనించాడు. స్టీవ్ వూల్గర్‌తో కలిసి 1979లో దాన్ని పుస్తకంగా తెచ్చాడు. మన దగ్గరా మంచి వారసత్వం ఉంది. ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి. దూబే హైదరాబాద్ పక్కనున్న శామీర్‌పేటను వ్యవసాయ, వైద్య, పశువైద్య విభాగాలవారితో కలిసి అధ్యయనం చేసి, 1955లో 'ఇండియన్ విలేజ్' ప్రచురించారు.

మన జిల్లాల నుంచే ప్రశ్నలు

నీళ్ల శుద్ధి గురించి చదివేవారికి దేశవిదేశాల్లో పరిచయమైన పేరు 'నల్గొండ టెక్నిక్'. తాగునీటిలో ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో రూపొందించిన పద్ధతి ఇది. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ తగు పాళ్లలో వేసి కలిపితే మడ్డి ఏర్పడి, ఫ్లోరైడ్‌తో సహా అడుగున పేరుకుంటుంది. పైన తేటను వంచుకోవాలి. ఇంట్లో బకెట్‌తోనూ చేయవచ్చు, ఊరి ట్యాంకులోనూ చేయవచ్చు. టాంజానియా, ఇథియోపియాల్లో కూడా దీన్ని ప్రయోగించి చూశారు.

రసాయన శాస్త్రం ఇక్కడికి తన వంతు పని చేసింది. ఆ తర్వాతి ప్రశ్నలు సామాజిక శాస్త్రానివి. పటిక మోతాదు నీటిలోని ఫ్లోరైడ్‌ను బట్టి, క్షారతను బట్టి మారుతుంది. దాన్ని ఊళ్లో కొలిచేది ఎవరు? రోజూ కలిపే పని ఇంట్లో ఎవరి మీద పడుతుంది? అడుగున మిగిలిన బురదను ఎక్కడ పారబోస్తారు? పటిక అయిపోతే డబ్బు ఎవరివ్వాలి? వేరే చోటి నుంచి కృష్ణా నీళ్లు తేవడమా, ఉన్న నీళ్లనే శుద్ధి చేయడమా అన్న నిర్ణయం ఎవరి చేతిలో ఉంది? ఫ్లోరైడ్‌తో నడుము వంగిన తరాలను చూసిన ప్రాంతం మనది. ఈ ప్రశ్నల బరువు మన ఇంటి పిల్లలకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఇక కాలేజీల సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలయ్యాక పేదింటి పిల్లలు పెద్ద సంఖ్యలో ఇంజినీరింగ్ గడప తొక్కారు. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 18-23 ఏళ్ల జనాభాలో లక్షకు తెలంగాణలో 52 కాలేజీలున్నాయి. దేశ సగటు 30. ఇన్ని కాలేజీల నుంచి బయటికొచ్చినవారు ఎక్కడ స్థిరపడ్డారో ఊరి స్థాయిలో లెక్కతీస్తే అదే ఒక పీహెచ్‌డీ అవుతుంది. షియాంగ్ బియావ్ అనే చైనా పరిశోధకుడు తెలుగు ఐటీ ఉద్యోగుల వెంట హైదరాబాద్ నుంచి సిడ్నీ దాకా తిరిగి, ఐటీ ఉద్యోగులను విదేశీ కంపెనీలకు సరఫరా చేసే 'బాడీ షాపింగ్'కూ మన కట్నాలకూ ఉన్న ముడిని 2007లో పుస్తకంగా రాశాడు. కోస్తా జిల్లాల ఇంజినీరింగ్ మోజు మీద కారొల్ ఉపాధ్య పరిశోధించారు. బయటివాళ్లు అంత శ్రమపడి మన భాష, మన చుట్టరికాలు అర్థం చేసుకున్నారు. అవి మీకు పుట్టుకతో వచ్చాయి.

మిర్యాలగూడ రైసు మిల్లుల్లో బియ్యాన్ని రంగును బట్టి ఏరే సార్టెక్స్ యంత్రం నడిపే మనిషి ఆ పని ఎక్కడ నేర్చాడు? 2019లో సూర్యాపేటలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చాక చుట్టుపక్కల మండలాలవారు వైద్యానికి వెళ్లే తీరు మారిందా? దామరచర్ల మండలంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం గురించి నిపుణుల నివేదిక చెప్పేదీ, రైతు చెప్పేదీ ఎక్కడ కలుస్తాయి? ఇవీ చేతికందే అంశాలే.

ఎక్కడ చదవాలి?

డిగ్రీ ఏదైనా ఫర్వాలేదు. బీఎస్సీ, బీటెక్ చదివినవారికి సైన్సు మీద పట్టు అదనపు బలం.

ఈ రంగంలోకి రావడానికి ఎమ్మే సోషియాలజీ ఒక దారి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో దానికి సీయూఈటీ-పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. ఉస్మానియా, కాకతీయల్లో సోషియాలజీకి సీపీగెట్ పరీక్ష ఉంటుంది. మార్కుల అర్హత ఏటా నోటిఫికేషన్‌లో చూసుకోండి. విద్యారంగం మీద ఆసక్తి ఉంటే బెంగళూరులోని అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో ఎమ్మే ఎడ్యుకేషన్ ఉంది. కుటుంబ ఆదాయాన్ని బట్టి అక్కడ ఆర్థిక సాయం కూడా అందుతుంది. ఐఐటీ హైదరాబాద్‌లో ఎమ్మే డెవలప్‌మెంట్ స్టడీస్ మరో మంచి అవకాశం.

పీహెచ్‌డీకి ఢిల్లీలోని నీపా (జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థ), జేఎన్‌యూలోని జాకిర్ హుస్సేన్ విద్యా అధ్యయన కేంద్రం, అక్కడి సైన్స్ పాలసీ కేంద్రం, గుజరాత్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పేరున్నవి. హైదరాబాద్ బేగంపేటలోని సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రం) మనకు దగ్గర్లోనే ఉంది. యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ సాధిస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000 ఫెలోషిప్ వస్తుంది. ఇంటి మీద భారం వేయకుండా పరిశోధన చేయడానికి అదే ఆధారం కాబట్టి, ఎమ్మే మొదటి ఏడాది నుంచే నెట్‌కు చదవడం మొదలుపెట్టాలి.

ఉద్యోగాల మాటేమిటి?

నిజం చెప్పుకోవాలి. ఇది నాలుగేళ్లలో ప్లేస్‌మెంట్ ఇచ్చే చదువు కాదు. అధ్యాపక ఉద్యోగం దాకా వెళ్లాలంటే ఎనిమిది, పదేళ్లు పట్టవచ్చు. మధ్యలో దొరికే పనులూ తక్కువేం కాదు: పరిశోధన సంస్థల్లో ప్రాజెక్టులు, ప్రథమ్, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ వంటి సంస్థల్లో ఉద్యోగాలు, కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఇచ్చే పాలసీ ఫెలోషిప్‌లు, సైన్సు, విద్యా విలేకరిత్వం. గ్రూప్-1 మెయిన్స్‌లో భారతీయ సమాజం, సైన్స్ అండ్ టెక్నాలజీ పేపర్లు రెండూ ఉన్నాయి. ఈ చదువు అక్కడా అక్కరకొస్తుంది.

రావాల్సిన నైపుణ్యాలు మూడు. ఇంటర్వ్యూ చేయడం, గణాంకాలు చదవడం, ఇంగ్లిష్‌లో చదివినదాన్ని తెలుగులో, తెలుగులో విన్నదాన్ని ఇంగ్లిష్‌లో స్పష్టంగా రాయడం. తెలుగు మీడియం విద్యార్థులు ఇంగ్లిష్ చూసి వెనకడుగు వేయనక్కర్లేదు. రోజుకు రెండు పేజీలు చదివి సారాంశం రాస్తే ఏడాదిలో తేడా మీకే కనిపిస్తుంది.

ఈ సెలవుల్లో ఇలా మొదలుపెట్టండి

మీ వీధిలో ఇరవై ఇళ్లు ఎంచుకోండి. పెద్దల అనుమతి తీసుకుని, గత పదేళ్లలో ఎవరు ఏం చదివారు, ఫీజు ఎలా కట్టారు, ఇప్పుడేం చేస్తున్నారు అని అడగండి. నోట్‌బుక్‌లో పేజీని నిలువుగా రెండు గడులు చేయండి. ఎడమ గడిలో తేదీ, మనిషి వయసు, పని, అన్న మాట యథాతథంగా. కుడి గడిలో మీకు తోచింది. పేర్లు రాయవద్దు. విన్నదీ అనుకున్నదీ కలవకుండా చూసుకోవడమే ఈ వృత్తిలో మొదటి పాఠం. తర్వాత జాతీయ నమూనా సర్వే (ఎన్‌ఎస్‌ఎస్) 75వ రౌండ్ విద్యా సర్వే నివేదికతో మీ వీధిని పోల్చి చూడండి. అలా రాసుకున్న పదిపన్నెండు పేజీలు రేపు ఇంటర్వ్యూ బోర్డు ముందు మీ తరఫున మాట్లాడతాయి.

తల్లిదండ్రులకూ ఒక విన్నపం. పిల్లలు సోషియాలజీ చదువుతామంటే ర్యాంకు రాక అంటున్నారని అనుకోకండి. మన నీళ్ల గురించి, మన కాలేజీల గురించి రేపు విధానాలు రాసేచోట సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల పిల్లలు ఉండాలి. వాళ్లను చదవనివ్వండి.