చేతిపనియు దేవుని వరమే

దేవుడు బెసలేలును పేరుపెట్టి పిలిచి తన ఆత్మతో నింపెనని నిర్గమకాండము 31వ అధ్యాయములో చదువుచున్నాము. అది ప్రసంగించుటకు కాదు. లోహములను, రత్నములను, కఱ్ఱను మలచి ప్రత్యక్షపు గుడారమును సిద్ధపరచుటకే. ఇతరులకు నేర్పు బుద్ధియు అతనికిని అహోలీయాబునకును ఇచ్చెను (35వ అధ్యాయము). స్త్రీలు మేకవెండ్రుకలు వడికిరి.

మందిరములో చాపలు చిరిగినప్పుడు మేము చందా పోగుచేసి పట్టణమునుండి క్రొత్తవి తెప్పించితిమి. తుంగచాపలు అల్లు అవ్వ మన సంఘములోనే యున్నను ఆమెను అడుగలేదు. చందా ఇయ్యలేక సిగ్గుపడి ఆమె ఆరాధనకు వచ్చుట మానెను. మేము వెళ్లి క్షమాపణ అడిగితిమి. ఇప్పుడామె ఇద్దరు బాలికలకు అల్లిక నేర్పుచున్నది.

ప్రియులారా, చందాలు మందిరమును నిలుపవచ్చును. సంఘమును కట్టునది ఒకరి వరము ఒకరికి అక్కరయగుటయే. మీ ప్రక్కన కూర్చున్నవారికి ఏ పని వచ్చునో ఈ నెల అడిగి తెలిసికొనుడి.