తెలుగు లిపిలో ఇటాలియను పలుకులు

ఏ క్రొత్త భాషనైనను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొని నేర్చుట మన పిల్లలకు అలవాటైనది. ఇటాలియను విషయమున ఈ అలవాటు చెరుపు చేయును.

నేత యంత్రముల మహాప్రదర్శనమైన ఇట్మా 2015 లోను, మరల 2023 లోను ఇటలీలోని మిలాన్ నగరమున జరిగినది. చద్దరు, తువ్వాలు నేయు మన అశోక్ చౌక్ ఇండ్లనుండి ఎవరైనను ఆ దేశమునకు తొలిసారి పోవలసి వచ్చినచో పనికివచ్చు కొన్ని మాటలను మన లిపిలోనే వ్రాసి చూపుచున్నాము. "తెలుగక్షరములు మా బిడ్డకు ఎందులకండీ?" అని అడుగు తలిదండ్రులకు ఇది కొంత సమాధానము కాగలదు.

పదిహేనవ శతాబ్దమున విజయనగరమునకు వచ్చిన వెనీసు యాత్రికుడు నికొలో కోంతి పేరు చెప్పి, తెలుగును 'తూర్పుదేశపు ఇటాలియను' అని మనవారు సభలలో పొగడుకొనుట కలదు. పదములు అచ్చులతో ముగియుటయే ఆ పోలికకు ఆధారము. మాకు అంతకంటె ముఖ్యముగా తోచునది ద్విత్వము. మనకు కల వేరు, కల్ల వేరు. అట్లే వారికి సేతె యనగా దాహము, సెత్తె యనగా ఏడు. కపెల్లొ వెండ్రుక, కప్పెల్లొ టోపీ. ఒత్తు మరచినవాడు టోపీల అంగడిలో వెండ్రుక బేరమాడును! ఇంగ్లీషు మూలమున నేర్చినవారు ట, డ లు పలుకుదురు. ఇటాలియనులో నున్నవి మన త, ద లే.

పగలు ఎదురుపడినవారిని బువొన్‌జోర్నొ అని, సాయంకాలమున బువొనసేర అని పలుకరింపవలెను. చావొ అను మాట చనవున్నవారికే చెల్లును. మన చెవికది అమంగళముగా తోచినను వారికి కుశలవచనమే. దయచేసి అనుటకు పెర్ ఫవోరె. వెల ఎంత? క్వాంతొ కోస్త? స్టేషను ఎక్కడ? దొవే ల స్తత్సియోనె? అర్థము కానప్పుడు నోన్ కపీస్కొ. శాకాహారులు సోనొ వెజెతర్యానొ అని ముందే చెప్పుట మేలు. స్త్రీలు వెజెతర్యాన అనవలెను. మన వృత్తి మాటలు: మగ్గము తెలాయొ, దారము ఫీలొ, తువ్వాలు అష్షుగమానొ.

కృతజ్ఞత తెల్పుటకు గ్రాత్సియె. ఇందలి త్స మన చలి అను మాటలోని మొదటి ధ్వనియే. మరాఠీలో పొయ్యిని చెప్పు చూల్ లోనిదియు అదే. ఇంట తెలుగు, వీథిలో మరాఠీ వినుచు పెరిగిన బిడ్డకు దీనిని వేరుగా నేర్పనక్కరలేదు. చివరి ఎ హ్రస్వము. దేవనాగరిలో ఎ, ఏ లకు సాధారణముగా ఒకటే గుర్తు. మనకు రెండు కలవు.

పిల్లలు ఫోనులో తెలుగును ఇంగ్లీషు లిపిలో వ్రాయుట మొదలిడినప్పటినుండి ఒత్తులు, దీర్ఘములు సడలినవి. వానిని దిద్దుటలో మేమును కొంత సడలితిమని ఒప్పుకొనుచున్నాము. వర్ణమాలలో ఞ వద్దకు వచ్చినప్పుడు "దీనితో మాట ఏది?" అని పిల్లలడుగగా పుట త్రిప్పివేసిన దినములు కలవు. ఇటాలియనులో స్నానగృహమును బాఞ్ఞొ అందురు. మరుగుదొడ్డి అడుగుటకును అదే మాట. దొవే ఇల్ బాఞ్ఞొ? అని తెలుగులో వ్రాసి పిల్లలచే చదివింపుడు.